కుడివైపు కుర్చీ

అతిథి కూర్చునే కుర్చీ తన కుడివైపే ఉండాలని మా అక్క మొదటిరోజే భీష్మించుకు కూర్చుంది.

స్టూడియోలో అందరూ అదేదో సెంటిమెంటనుకున్నారు. అసలు కారణం ముగ్గురికే తెలుసు. అక్కకి, చెవి డాక్టరుకి, నాకు. డాక్టరు నోరు విప్పడు. నేను విప్పను. అక్క విప్పితే ఆ రోజుతో తన పని అయిపోయినట్టే.

"కెమెరాలన్నీ అటువి ఇటు మార్చాలి మేడమ్. సగం రోజు పోతుంది," అన్నాడు ప్రొడ్యూసరు తల గోక్కుంటూ. కుర్రాడే. మా అక్క సినిమాలు చూస్తూ పెరిగినవాడు. అందుకే కోపం రావాల్సిన చోట కూడా నవ్వు మొహమే పెట్టుకున్నాడు.

"పోనీ నాయనా. ఇదిగో, ఈ ఎడమ చెంప చూడు. జనానికి తెలిసింది ఈ చెంపే. దీన్ని గోడవైపు తిప్పి నన్ను కూర్చోబెట్టావనుకో, ఈవిడెవరో అని చానెల్ మార్చేస్తారు."

లైట్లు సర్దేవాళ్ళతో సహా అందరూ గొల్లున నవ్వారు. కుర్చీ కుడివైపుకి మారింది. అక్క పద్ధతే అంత. ఎదుటివాడు నవ్వుతూండగానే వాడి చేతిలోంచి తనకి కావలసింది లాగేసుకునేది.

చెంప సంగతి మాత్రం నిజమే. పిండిమిల్లు సీనులో మాస్టారు చాచి కొడితే మా అక్క గిర్రున తిరిగి పిండి తొట్టిలో వెల్లకిలా పడుతుంది. ఆ ఒక్క సీనుతో అమ్మానాన్నలు పెట్టిన పేరు పోయి 'బొంగరం' అయి కూర్చుంది. బజార్లో, ఆస్పత్రి వరండాలో, ఆఖరికి బ్యాంకు లైన్లో కూడా "ఏదీ, ఒక్కసారి తిరగండి బొంగరంగారూ" అనేవాళ్ళు. తిరిగేది కూడా. మాస్టారంటే సినిమాల్లో అక్కకి జోడీ. అంతకుముందు ఇద్దరూ ఒకే నాటకాల కంపెనీలో ఉండేవాళ్ళు. ఆయన ఒక మాట విసరడం, తను తిప్పికొట్టడం, మధ్యలో ఊపిరి పట్టేంత సందు కూడా లేకుండా సాగేది.

ఆ దెబ్బతోనే అక్క ఎడమ చెవి పోయింది.

మర్నాడు ఫోను ఆ చెవికి ఆనించుకుంటే అవతల ఎవరూ లేనట్టే ఉంది. డాక్టరు చూసి, లోపల నరం పోయింది, ఇక రాదన్నాడు. అక్క బయటికొచ్చి, ఆస్పత్రి మెట్ల మీద నిలబడి నాతో ఒకే ఒక్క మాటంది. "ఎవరితోనూ అనకు. కామెడీ అంటే ఎదుటివాడి మాట వినడమే. వినపడనిదాన్ని ఎవడు పిలుస్తాడు?"

అక్కడి నుంచీ నెట్టుకొచ్చింది. సినిమాల్లో ఎవరేం మాట్లాడతారో ముందే తెలుస్తుంది. ఎదుటివాడి పెదాలు కదిలి ఆగితే చాలు, తన వంతు అందుకునేది. కానీ వయసు మీదపడ్డాక వేషాలు తగ్గాయి. హీరోకి అత్త, పక్కింటి పిన్ని, ఆ తర్వాత ఏమీ లేదు. అలాంటప్పుడు ఈ చానెల్‌వాళ్ళు వచ్చారు. రోజూ మధ్యాహ్నం అతిథితో కబుర్ల కార్యక్రమం. రికార్డింగ్ కాదు, అప్పటికప్పుడు లైవ్‌లో వెళ్ళిపోయేదే. వేసవి అయ్యేదాకా చూస్తాం, జనం చూస్తే కొనసాగిస్తాం అన్నారు.

అతిథులు ఏం మాట్లాడతారో ఎవరికీ ముందు తెలియదు. అదీ చిక్కు.

దానికి మేమొక దారి కనిపెట్టాం. అక్క నాటకాల్లో వేసే రోజుల నుంచీ ప్రాంప్టర్‌ని నేనే. తెర పక్కన చీకట్లో నిలబడి మాట అందించేదాన్ని. నేనేమంటే అది అనేసేది. నా గొంతు తన చెవిలో పడటం, తన నోట్లోంచి బయటికి రావడం ఒకేసారి జరిగేవి. ఇప్పుడు తెర బదులు కంట్రోల్ రూం. అక్క కుడిచెవిలో చిన్న ఇయర్‌పీస్. నా ముందు ఒక మీట. అది నొక్కి నేను మాట్లాడితే అక్కకి వినపడుతుంది. ఆ ఇయర్‌పీస్ చెవిని మూసేస్తుంది కాబట్టి గట్టిగా మాట్లాడేవాళ్ళ మాటలే అక్కకి సరిగ్గా అందేవి. మెల్లగా మాట్లాడేవాళ్ళ మాటలు నేను నా హెడ్‌ఫోన్లలో విని, తిరిగి అక్క చెవిలో చెప్పేదాన్ని. వెంటనే దానికి తగిన జోకు కూడా అందించేదాన్ని. నేనున్నది జోకులందించడానికేనని స్టూడియోవాళ్ళు అనుకునేవాళ్ళు.

ఆ వేసవిలో మా అక్కతో లోకమంతా నా గొంతుతోనే మాట్లాడింది.

*

మొదటివారాలు బాగానే ఉన్నాయనిపించింది. జనం నవ్వుతున్నారు కదా అనుకున్నాం. నవ్వుతున్నది మాత్రం హాల్లో కూర్చున్నవాళ్ళు. వాళ్ళకి ఎప్పుడు నవ్వాలో, ఎప్పుడు చప్పట్లు కొట్టాలో బోర్డు ఎత్తి చూపించే మనిషొకడు ఉన్నాడు. ఇళ్ళల్లో కూర్చున్నవాళ్ళకి ఆ బోర్డు కనపడదు.

ఒకరోజు డ్రైవింగ్ నేర్పే ఆవిడ వచ్చింది. ఊళ్ళో సగంమంది ఆడవాళ్ళకి కారు నేర్పింది ఆవిడే. కుదిమట్టంగా ఉంటుంది, నవ్వితే భుజాలు ఊగుతాయి. బ్రేకు బదులు యాక్సిలరేటరు తొక్కి పళ్ళ దుకాణంలోకి దూసుకెళ్ళిన లాయరమ్మ గురించి చెబుతుంటే నేనే మీట సంగతి మర్చిపోయి నవ్వాను. అన్నీ గలగలా చెప్పింది. చివర్లో గొంతు తగ్గించి, అదే నవ్వు మొహంతో, "మా ఆయన మాత్రం ఈమధ్య నా కారెక్కడం మానేశారు," అంది.

నేను ఆ మాట అక్క చెవిలో చెప్పి, వెంటనే జోకు అందించాను. అక్క అనేసింది.

"మీ డ్రైవింగ్ చూశాక ఆయనకి నడక మీద నమ్మకం పెరిగుంటుంది!"

బోర్డు లేచింది. హాలు నవ్వింది. ఆవిడ కూడా నవ్వింది, కానీ ఈసారి భుజాలు ఊగలేదు. తర్వాత అడిగినవాటికి అవును, కాదు అని మాత్రం చెప్పి వెళ్ళిపోయింది.

ఆ రాత్రి భోజనాల దగ్గర సంగతి బయటపడింది. మా ఇంట్లో మేం ముగ్గురమే. అమ్మ, అక్క, నేను. అక్క కుడివైపు నా కుర్చీ, ఎడమవైపు అమ్మది. అమ్మ రోజూ మధ్యాహ్నం టీవీ ముందు కూర్చుని చూసి, సాయంత్రం పరీక్ష పేపరు దిద్దినట్టు తప్పులు చెప్పేది. అక్క తలెత్తకుండా తినేది. "చూశావా, నేను మాట్లాడుతుంటే ఉలుకూ పలుకూ ఉండదు. బొంగరం అయ్యాక దీనికి అమ్మ కూడా లెక్కలేకుండా పోయింది," అని అమ్మ నాకు ఫిర్యాదు చేసేది. ఇన్నేళ్ళుగా వింటున్న ఫిర్యాదే.

ఆరోజు మాత్రం అమ్మ లేచి అక్కకి ఎదురుగా వచ్చి నిలబడింది.

"ఏమే, నీకసలు బుద్ధుందా? ఆవిడ మొగుడు మనిషిని గుర్తుపట్టడం లేదని చెప్పుకుంటే నువ్వు వేళాకోళం చేస్తావా?"

అక్క చెయ్యి పళ్ళెంలో ఆగిపోయింది. "ఎవరు? ఎప్పుడు చెప్పింది?"

"ఎప్పుడు చెప్పిందేంటే, నీ పక్కన కూర్చునేగా చెప్పింది! 'కారెక్కడం మానేశారు, నేనెవరో ఆయనకి తెలియటంలేదు' అంది. నేను ఇక్కడ కూర్చుని విన్నాను. నీకక్కడ వినపడలేదా?"

అక్క నా వైపు చూసింది. నాకర్థమైంది. మొదటి సగం నేను అక్క చెవిలో తిరిగి చెబుతూండగా ఆవిడ రెండో సగం చెప్పేసింది. నేను మాట్లాడుతున్నప్పుడు నాకూ వినపడదు, అక్కకీ వినపడదు. రోజూ ఇలా ఎన్ని సగాలు జారిపోయాయో!

"జనం నవ్వుతున్నారు కదా, నవ్వులో వినపడలేదమ్మా," అంది అక్క.

"వాళ్ళు నవ్వింది నువ్వు జోకేశాక!"

అమ్మ పళ్ళెం తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. అక్క లేచి చెయ్యి కడుక్కుంది. నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అని ఉంటే బాగుండేది.

*

ఎండలు ముదిరేసరికి ప్రొడ్యూసరు మొహంలో నవ్వు ఎండిపోయింది. ఒకరోజు ప్రోగ్రాం అయ్యాక మేకప్ గదిలోకి వచ్చి, తలుపు దగ్గరగా వేసి కూర్చున్నాడు.

"మేడమ్, దాచేదేముంది. జనం చూడటంలేదు. ఆవిడ బాగా నవ్విస్తుంది కానీ మనిషిని మాట్లాడనివ్వదు అంటున్నారు."

అక్క దూదితో మొహం తుడుచుకుంటోంది. "ఇంకా ఏమంటున్నారు?"

"పైవాళ్ళు ఆపేద్దామంటున్నారు. నేను ఒక్క అవకాశం అడిగాను. ఆఖరి ఎపిసోడుకి మాస్టారుని పిలుద్దాం. ఆయన ఎక్కడికీ రావడంలేదు, నేను వెళ్ళి బతిమాలితే మీ పేరు చెప్పాక ఒప్పుకున్నారు. మీ ఇద్దరూ మళ్ళీ ఒకచోట కూర్చుంటే ఊరంతా చూస్తుంది. అప్పుడిక ఆపమనే మాటే రాదు."

అద్దంలో అక్క కళ్ళు నన్ను వెతికాయి. నేను తల అడ్డంగా ఊపాను.

"రమ్మనండి," అంది అక్క.

కారులో ఇంటికొస్తుంటే నేనూరుకోలేకపోయాను. ఎప్పటిలాగే నేను కుడివైపు కూర్చున్నాను.

"ఎందుకొప్పుకున్నావక్కా? మిగతావాళ్ళ సంగతి వేరు. ఆయన పట్టేస్తాడు."

"ఆయనకి తెలీదే."

"అదే చెబుతున్నా. తెలిస్తే?"

"తెలిస్తే పాపం, మళ్ళీ ఎవర్నీ నవ్వించలేడు." అంది అక్క. "అందుకే ఇన్నాళ్ళూ చెప్పలేదు. ఉద్యోగం కోసం కొంత, ఆయన కోసం కొంత."

"నీకోసమో?"

"నాకోసం నువ్వున్నావుగా," అని నా మోకాలి మీద తట్టింది.

ఆ మాటకి ఉబ్బిపోయాను. నిజం చెప్పాలంటే నా బతుకంతా ఆ మాట మీదే నిలబడి ఉంది. తెర పక్కన చీకట్లోనో, గాజు పెట్టెలాంటి గదిలోనో కూర్చుని ఒకళ్ళ చెవిలో మాట్లాడటం తప్ప నాకింకో పని రాదు.

*

మాస్టారు చేతికర్రతో వచ్చారు. ఇస్త్రీ మడత నలగని తెల్ల చొక్కా, వెనక్కి దువ్విన తెల్ల జుట్టు. వస్తూనే అతిథి కుర్చీని కర్రతో పొడిచి చూశారు.

"ఇది అటు పెట్టించండి. ఆవిడకి ఎడమవైపు."

ప్రొడ్యూసరు ముందుకొచ్చాడు. "మేడమ్‌కి కుడివైపే అలవాటండీ..."

"నాకు నా ఎడమ మొహం కెమెరాకి చూపించడం అలవాటు. కుడివైపు నుంచి నేను మనిషిలా ఉండను, మా ఆవిడే చెప్పింది."

"జనానికి నా చెంప కనపడాలి మాస్టారూ!" అంది అక్క నవ్వుతూ.

"నీకు చెంప ఒక్కటే ఉందమ్మా. నాకు మొహమంతా ఉంది."

అందరూ నవ్వారు. ఈసారి కుర్చీ ఎడమవైపుకి వెళ్ళింది. అక్క తలతిప్పి నేరుగా కెమెరాలోకి చూసింది. అంటే, కంట్రోల్ రూంలో తెర ముందు కూర్చున్న నావైపు.

మొదలవడానికి ఇంకాస్త టైముందనగా ప్రొడ్యూసరు నా పక్కన కూలబడి గుసగుసగా చెప్పాడు. "ఆఖర్లో ఒక సర్‌ప్రైజ్. మాస్టారు లేచి చెయ్యెత్తుతారు. మేడమ్ గిర్రున తిరగాలి. తెర వెనక పిండి తొట్టి రెడీగా ఉంది."

నేను అతనివైపు తిరిగాను. "అక్కకి చెప్పారా?"

"చెబితే మజా ఏముంటుందండీ? మీరు కూడా చెప్పకండి."

అతను లేవగానే మీట నొక్కాను. "అక్కా, చివర్లో చెంపదెబ్బ పెట్టారు. పిండి తొట్టి కూడా తెచ్చారు."

తెర మీద అక్క జుట్టు సర్దుకుంటూ, శబ్దం లేకుండా పెదాలతో 'పర్లేదు' అంది.

సంగీతం వచ్చింది. చప్పట్లు. మాస్టారు కర్ర మోకాళ్ళ మధ్య నిలబెట్టుకుని కూర్చున్నారు.

"ఈవిడ మొదటిరోజు షూటింగుకి ఎలా వచ్చిందో తెలుసా? రెండు కాళ్ళకీ రెండు రకాల చెప్పులు!"

నేను ఆ మాట అక్క చెవిలో వేశాను. అక్క అందుకుంది. "అందులో ఒకటి మీదే కదా మాస్టారూ!"

మంచి మాటే. కానీ అది బయటికొచ్చేసరికి మాస్టారు తర్వాతి వాక్యంలో ఉన్నారు. రెండు మాటలూ ఒకదాన్నొకటి గుద్దుకుని కిందపడ్డాయి. హాల్లో ఎవరో ఒకరిద్దరు నవ్వారు.

ఆయన నోట్లోంచి నా హెడ్‌ఫోన్లలోకి, నా నోట్లోంచి అక్క చెవిలోకి. అర క్షణం పడుతుంది. మామూలు మనుషులతో ఆ అర క్షణం ఎవరికీ తెలియదు. కానీ వీళ్ళిద్దరూ ఆ అర క్షణాన్ని నమ్ముకుని బతికినవాళ్ళు.

మాస్టారు ఇంకోటి వదిలారు. అక్క మళ్ళీ ఆలస్యమైంది. ఇంకోటి. మళ్ళీ ఆలస్యం. బోర్డు ఎత్తే మనిషి ఎప్పుడెత్తాలో తెలియక ఎత్తి దించి, దించి ఎత్తుతున్నాడు. నా వెనక ప్రొడ్యూసరు "ఏమైంది ఈవిడకి, ఏమైంది?" అని గొణుగుతున్నాడు. నేను వేగంగా చెప్పడం మొదలుపెట్టాను. అక్క మొహాన చెమట మేకప్‌లోంచి పైకి తేలుతోంది.

మాస్టారు వేగం తగ్గించారు. ఒకసారి అక్కని పరకాయించి చూశారు. గోడ గడియారం ఆగిపోతే ఇంట్లోవాళ్ళు చూస్తారే, అలా. తర్వాత కర్ర మీదికి వంగి, మొహం హాలువైపు తిప్పేశారు. పెదాలు అక్కకి కనపడకుండా. మైకుకి మాత్రమే అందేంత మెల్లగా అన్నారు.

"నేను చెప్పేది నీకు వినపడటంలేదు, కదూ?"

అక్క నవ్వుతూ ఎదురుచూస్తోంది. నాకోసం.

"స్క్రిప్టులో లేనిదేంటిది?" అన్నాడు ప్రొడ్యూసరు. "ఏదో ఒకటి అందించండి, త్వరగా!"

అందించడానికి నా నాలుక చివరే ఉంది మాట. 'వినపడుతోంది మాస్టారూ, నచ్చటంలేదు అంతే!' హాలు ఎగిరిపడుతుంది. గండం గడుస్తుంది. ఆయన చెయ్యెత్తుతారు, అక్క తిరిగి తొట్టిలో పడుతుంది, ఊరంతా నవ్వుతుంది, వచ్చే వేసవి దాకా మా ఇద్దరికీ పని ఉంటుంది. నా వేలు మీట మీదే ఉంది.

భుజాలు ఊగకుండా నవ్విన డ్రైవింగావిడ గుర్తొచ్చింది.

మీట నొక్కాను. "అక్కా, 'నేను చెప్పేది నీకు వినపడటంలేదు కదూ' అని అడుగుతున్నాడు. ఈసారి మొత్తం చెప్పాను. ఇంక నా దగ్గరేమీ లేదు."

వేలు తీసేశాను.

అక్క నోరు తెరిచింది, అలవాటుకొద్దీ. నా మాటే మళ్ళీ అనేస్తుందనుకున్నాను. అనలేదు. నోరు మూసుకుంది. చెవిలోంచి ఇయర్‌పీస్ తీసి బల్ల మీద నీళ్ళ గ్లాసు పక్కన పెట్టింది. లేచి, తన కుర్చీ తనే ఎత్తుకుని, మాస్టారు వెనకనుంచి తిరిగి అవతలి పక్కకి వెళ్ళి వేసుకుని కూర్చుంది. కెమెరామెన్లు కంగారుగా చక్రాల మీద అటూ ఇటూ జరిగారు.

"ఇటు చెప్పండి మాస్టారూ. ఇటువైపు చెవి పనిచేస్తుంది."

ఆయన మెల్లగా ఇటు తిరిగారు. మనిషిలా ఉండననుకున్న కుడి మొహం కెమెరాకి దొరికింది.

"ఎప్పట్నుంచి?"

"మీకు తెలుసు."

ఆయన కర్ర పట్టుకున్న చేతిని చూసుకున్నారు. "పిండిమిల్లు రోజా?"

"ఊఁ."

బోర్డు మనిషి బోర్డు కింద పెట్టేశాడు.

"నువ్వే కదా కొట్టమన్నావు," అన్నారాయన. నింద వేస్తున్నట్టు లేదు. దారి మర్చిపోయినవాడు అడిగినట్టుంది.

"నేనే. ఉత్తుత్తి దెబ్బకి నవ్వు రాలేదు. నిజంగా కొట్టండి, చచ్చినట్టు నవ్వుతారు అన్నాను. నవ్వారు కూడా."

"నవ్వారు." మాస్టారు తల ఊపారు. "నువ్వడిగావని ఇచ్చేశాను. అడిగినవన్నీ ఇచ్చెయ్యక్కర్లేదని అప్పుడు తట్టలేదు. ఇంకోసారి చూద్దాం, ఉత్తుత్తిదే ఇంకోలా చేద్దాం అనాల్సింది పెద్దవాణ్ణి."

"అన్నా నేను వినేదాన్ని కాదు మాస్టారూ. అప్పట్లో రెండు చెవులూ బాగానే ఉండేవి, అయినా వినేదాన్ని కాదు."

ఆయన నవ్వబోయి ఆగిపోయారు. కాసేపు ఇద్దరూ మాట్లాడలేదు. అంతసేపు ఎవరూ మాట్లాడకుండా ఉండటం ఆ ప్రోగ్రాంలో అదే మొదలు. ప్రకటనలకి వెళ్ళాల్సిన టైము వచ్చింది, దాటిపోయింది. ప్రొడ్యూసరు చెయ్యెత్తాడు, అలాగే దించేశాడు.

"ఇదిగో, ఎవరమ్మా అక్కడ," అన్నారు మాస్టారు ఉన్నట్టుండి తెరవైపు కర్ర చూపించి. "దాని వెనక పిండి తొట్టి పెట్టారు. ముందు దాన్ని తీయించండి. నాకు కాలు లేదు, ఈవిడకి చెవి లేదు. ఎవరో ఒకళ్ళం నిజంగానే పడతాం."

అక్క పకపకా నవ్వింది. సరిగ్గా టైముకి. ఆ తర్వాతే హాలు నవ్వింది, బోర్డు లేకుండా.

*

ఇంటికొచ్చేసరికి అమ్మ భోజనాల బల్ల దగ్గర కూర్చుని ఉంది. టీవీ ఆపేసి ఉంది. మేం కూర్చుని వడ్డించుకుంటుంటే ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది.

"ఊళ్ళోవాళ్ళతో పాటు టీవీలో తెలుసుకోవాలా నేను? కన్నతల్లిని!"

అక్క ఏదో చెప్పబోయింది. అమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఇన్నేళ్ళూ ఎడమవైపు కూర్చుని మొత్తుకున్నాను. నా మాట లెక్కలేదని అందరితో చెప్పుకు తిరిగాను. చెప్పొచ్చుగా, అమ్మా ఇటు వచ్చి ఏడువు అని!"

అంటూనే నా దగ్గరకొచ్చి భుజం పట్టుకుని లేవదీసింది. "లేవవే నువ్వు. ఇక్కడ నేను కూర్చుంటాను."

నేను లేచాను. అమ్మ అక్క కుడివైపు కూర్చుంది, చీర కుచ్చిళ్ళు సర్దుకుంది, నోరు తెరిచింది, మూసుకుంది.

"ఇన్నాళ్ళవి ఉన్నాయి. ఎక్కడినుంచి మొదలుపెట్టను?"

"మొదట్నుంచీ చెప్పు," అంది అక్క అన్నం కలుపుతూ.

మిగిలిన కుర్చీ ఎడమవైపుది. వెళ్ళి అందులో కూర్చున్నాను. కూర నా దగ్గరికి జరపమని రెండుసార్లు అడిగాను. అక్కకి వినపడలేదు. లేచి నేనే తెచ్చుకున్నాను.

*

చానెల్‌వాళ్ళు ప్రోగ్రాం ఆపలేదు. సినిమాల్లో ఎవరూ పిలవలేదు, ఆ విషయంలో అక్క లెక్క తప్పలేదు. మొదటి చినుకులు పడేవేళ కొత్త విడత మొదలవుతుందన్నారు. సంతకం పెట్టేముందు అక్క రెండే అడిగింది. కుర్చీ కుడివైపు. చెవిలో ఏమీ ఉండకూడదు.

"మరి నేను?" అన్నాను.

"నీకింక ఆ గదిలో పనిలేదే." మెత్తగా చెప్పడం మా అక్కకి చేతకాదు. "నువ్వు నా చెవిలో చెప్పినవన్నీ నా జోకులేనని జనం చచ్చేదాకా అనుకుంటారు. అది నీకు బాగుందా?"

"బాగుంది. నేనెప్పుడైనా బాగాలేదన్నానా?"

"అన్లేదు. నేనూ అడగలేదు."

కోపంతో అక్కతో మాట్లాడటం మానేశాను. మధ్యలో మాస్టారు ఫోన్ చేశారు. నాకే. "ఆరోజు చెవిలో ఉన్నది నువ్వేనటగా. ఇద్దరు ముసలాళ్ళు కూర్చుని మాట్లాడుకునే నాటకం ఒకటి రాసిపెట్టు. చెంపదెబ్బ ఉండకూడదు, అయినా జనం నవ్వాలి," అన్నారు. నావల్ల కాదన్నాను. మర్నాడు కాగితాలు ముందేసుకుని కూర్చున్నాను. మొదటి మాట రాసి, దాన్ని ఎవరి చెవిలో చెప్పాలో తెలియక చాలాసేపు గోడవైపు చూశాను. అమ్మకి చదివి వినిపించాను. "ఇందులో నవ్వేదేముందే?" అంది. కొట్టేసి మళ్ళీ రాశాను.

కొత్త విడత మొదలైన రోజు మధ్యాహ్నం వాన పడుతోంది. అమ్మా నేనూ టీవీ ముందు కూర్చున్నాం. అక్క ప్రోగ్రాంని నేను బయటినుంచి చూడటం అదే మొదలు. కుడివైపు కుర్చీలో ఎవరున్నారని చూస్తే, డ్రైవింగ్ నేర్పే ఆవిడ. అక్కే వెళ్ళి పిలుచుకొచ్చిందట, నాకు చెప్పలేదు.

"పోయినసారి మీ ఆయన గురించి ఏదో చెప్పబోయారు," అంది అక్క. "నేను వినిపించుకోలేదు."

ఆవిడ నవ్వింది. చేతి గడియారాన్ని మణికట్టు చుట్టూ తిప్పుకుంది. ఏమీ మాట్లాడలేదు.

అక్క కూడా మాట్లాడలేదు.

ఎంతకీ మాట్లాడలేదు. నా బొటనవేలు సోఫా చేతిని నొక్కుతోంది, అక్కడ మీట ఉన్నట్టు. "అడుగక్కా," అన్నాను పైకే. "ఏదో ఒకటి అడుగు. 'ఆయన ఇప్పుడెలా ఉన్నారు' అను."

అక్క కుడివైపుకి కాస్త వంగింది. అంతే.

"ఏంటే అది, నోరు పడిపోయినట్టు కూర్చుంది?" అంది అమ్మ. "నువ్వు చెప్పాల్సిందేదో చెప్పలేదా?"

"చెప్పానమ్మా. తనకి వినపడలేదు."

టీవీలో ఆవిడ గడియారం తిప్పడం ఆపింది. తలెత్తింది.

"ఊరుకో ఇంక," అంది అమ్మ నా చెయ్యి పట్టుకుని. "ఆవిడేదో చెబుతోంది."